హోలిస్ పెల్కీ కాల్చని కట్టెలు

మా హార్లో కొండ మీద మనిషి ఎలాంటివాడో తెలుసుకోవాలంటే ఎవరూ మొహం చూడరు. ఇంటి పక్కనున్న కట్టెల దొంతి చూస్తారు. దొంతి పక్కకి ఒరిగిందంటే ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాల మధ్య మాటల్లేవన్నమాట. ఆగస్టు దాటినా దొంతి లేవలేదంటే ఎవరో మంచం పట్టారన్నమాట. పేర్చడం చేతగాక కుప్పపోసి నీలం పట్టా కప్పేశారంటే, పాపం, పట్నం నుంచి కొత్తగా వచ్చినవాళ్ళు. ఇలా తీర్పులు చెప్పే ఉద్యోగం ఊళ్ళో ఎవరికీ ఎవరూ ఇవ్వలేదు. హోలిస్ పెల్కీ తనంతట తనే పుచ్చుకున్నాడు.

హోలిస్ ఊరి రోడ్ల మీద మంచు తోసే బండి నడుపుతాడు. ఆ బండి సీటు ఎత్తు. కంచెల మీంచి, పొదల మీంచి ప్రతి ఇంటి పెరడూ కనబడుతుంది. చలికాలమంతా ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో కాఫీ పట్టుకుని ఊరందరి దొంతుల్నీ తనిఖీ చేసి, పొద్దెక్కాక ట్రూడీ గాన్యోన్ దాణా కొట్లో చేరి ఫలితాలు ప్రకటిస్తాడు.

"ఆ మిల్లు వీధి మేష్టారు పై వరస బెరడు కిందికి పెట్టి పేర్చాడే! వానంతా కట్టే తాగేస్తుంది. బెరడు పైకుండాలని పసిపిల్లాడికి కూడా తెలుసు. బడిలో పిల్లలకేం చెబుతున్నాడో ఏమో."

ట్రూడీ బస్తాలు సర్దుతూ తల తిప్పకుండానే అనేది: "పిల్లలకి లెక్కలు చెబుతున్నాడులే. కట్టెలు పేర్చడం నువ్వెళ్ళి చెప్పు."

ట్రూడీకి ఆ మాత్రం అనే హక్కుంది. కొట్టు ఆమెదే. ఊరి అగ్నిమాపక దళానికి పెద్దా ఆమే. ఎక్కడైనా మంట లేస్తే దాణా కొట్టుకి తాళం వేసి ఎర్రబండి ఎక్కుతుంది. ఆ దళంలో జీతాల్లేవు, ఊళ్ళోవాళ్ళే సభ్యులు. అందరికంటే పాతకాపు హోలిస్. ఏటా అక్టోబరులో బడికెళ్ళి చిమ్నీలో మసి పేరుకుంటే ఏమవుతుందో పిల్లలకి పాఠం చెప్పేదీ అతనే. ఒక తారుగడ్డ తీసుకెళ్ళి చేతిలో పెట్టి "చూశారా, పచ్చికట్టె పొగ గడ్డకడితే ఇదవుతుంది. ఇది అంటుకుందంటే రైలొచ్చినట్టు మోగుతుంది" అని భయపెట్టేవాడు. కట్టెలు ఇంటిగోడకి ఆనించి పేర్చకూడదని కూడా చెప్పేవాడు. పాఠం మాత్రం బ్రహ్మాండంగా చెప్పేవాడు.

ట్రూడీ ఇంట్లో చలికాచుకోడానికి ఉన్నది గ్యాస్‌తో వెలిగే గోడపొయ్యి. ఆ సంగతి హోలిస్ మరిచిపోయిన రోజు లేదు.

"మంటలార్పే దళానికి పెద్దవి, నీ ఇంట్లో మంటే లేదు! మీట నొక్కితే వచ్చేది మంట కాదు తల్లీ, మంట బొమ్మ. టీవీలో వంట చూసి కడుపు నిండిందనుకున్నట్టు."

"నా మంట బొమ్మ ముందు నేను చేతుల్లేని బనీనుతో కూర్చుంటా హోలిస్. మీ ఆవిడ నిజం మంట ముందు ఏమేసుకుని కూర్చుంటుంది?"

ఆ మాటకి కొట్లో ఉన్నవాళ్ళు నవ్వారు. హోలిస్‌కి అది తగలాల్సిన చోటే తగిలింది. ఎందుకంటే అతని పెళ్ళాం వెర్నా ఇంట్లో కూడా రెండు స్వెట్టర్లు వేసుకుంటుందన్నది ఊరందరికీ తెలుసు.

ఆ ఇంట్లో చలెందుకో చెప్పాలంటే ముందు హోలిస్ దొంతి గురించి చెప్పాలి. ఇంటికి రోడ్డువైపు గోడ పొడుగునా, చిమ్నీ కట్టడాన్ని ఆనుకుని, మనిషెత్తున ఉండేది. అంతా చక్కెర మేపుల్ చెట్టు కట్టె, గట్టిది. ఒక్క చీలికా ఒక్క చీలికా కొలిచి కోసినట్టు. రెండు చివర్లా చీలికల్ని అడ్డంగా నిలువుగా అల్లి స్తంభాలు కట్టాడు. పై వరసంతా బెరడు పైకి, పెంకుల్లా. గోడకి ఆనించకూడదని బడిలో చెప్పిన పెద్దమనిషి గోడకే ఆనించాడేమంటే, రోడ్డు మీంచి చూస్తే అక్కడైతేనే ఇంపుగా ఉంటుందట. ఆకులు ఎర్రబడే రోజుల్లో వాటిని చూడ్డానికి పై ఊళ్ళ నుంచి వచ్చే జనం కార్లాపి ఆ దొంతి ముందు నిలబడి ఫొటోలు దిగేవాళ్ళు. అప్పుడు హోలిస్ ఏదో పనున్నట్టు అటుగా వచ్చి, ఒరగని చీలికని ఒకసారి తట్టి, వాళ్ళు అడక్కుండానే "మూడు వేసవులు ఎండింది" అని చెప్పి లోపలికి పోయేవాడు.

మూడు వేసవులు ఎండిన కట్టె, చేత్తో కొడితే గంటలా ఖంగుమనే కట్టె. అందులోంచి ఒక్క చీలిక కూడా ఇంట్లోకి వచ్చేది కాదు.

ఇంట్లో కాలేది పాప్లర్ అనే మెత్తకట్టె. ఆ ఏడాదే కొట్టింది, ఇంకా నీరు కారేది. పొయ్యిలో వేస్తే రెండు కొసలా నురగలు కక్కుతూ సుయ్యిమని ఏడ్చేది. వేడి పావలా, పొగ ముప్పావలా. వెర్నా దగ్గుతూ దాన్ని ఎగదోసి, మళ్ళీ ఎగదోసి, ఏటా నవంబరులో ఒకసారి అడిగేది.

"ఆ మేపుల్ ఈ ఏడైనా తీద్దామా?"

"ఇంకో ఏడు ఆరనీ."

"అది ఆరిపోయి ఎండిపోయి బూడిదయ్యేలా ఉందయ్యా నిప్పు లేకుండానే."

"నీకు కట్టె సంగతి తెలీదు."

బడి వంటింట్లో ఊరి పిల్లలందరికీ వండిపెట్టే మనిషి వెర్నా. ఇంట్లో వంటపొయ్యి కూడా పాత ఇనుప కట్టెలపొయ్యే. దాని గొట్టం బాధ్యత ఆమెదే. ఏటా తనే విప్పి బ్రష్షు పెట్టి తోమేది. పాప్లర్ చీలికల్ని ఆ పొయ్యి వెనక వారం ముందే నిలబెట్టి ఆరబెట్టుకునేది. ఆమెకి కట్టె సంగతి తెలీదని ఆయన సెలవిచ్చాడు.

హోలిస్ ఇలా తయారవడానికి కారణం లేకపోలేదు. ఊళ్ళో పెద్దవాళ్ళందరికీ తెలుసు, మొహాన ఎవరూ అనరు, వెనకాల మాత్రం ఇప్పటికీ అంటారు. అతని తండ్రి ఎల్మర్ పెల్కీకి ఫిడేలు వాయించడం వచ్చు, వేటాడడం వచ్చు, గొడ్డలి పట్టడం ఒక్కటి రేపటి పని. ఒక ఏడాది మార్చి వచ్చేసరికి కట్టెలు నిండుకున్నాయి. మంచు ఇంకా కిటికీల దాకా ఉంది. ఎల్మర్ కంచె పీకి కాల్చాడు. కంచె లేక ఆవులు రోడ్డెక్కాయి. ఊరంతా లాంతర్లతో వాటిని పట్టుకుని తోలుకొచ్చింది. ఎనిమిదేళ్ళ హోలిస్ ఆ పూట కంచెకర్రలు ఈడ్చుకుంటూ ఇంట్లోకి వెళుతూ అందరి కళ్ళబడ్డాడు. ఆ తర్వాత ఊళ్ళో ఎవరికి ఏది తక్కువైనా, "పెల్కీ కంచె ఉందిగా, పీక్కో" అనడం మొదలైంది. ఆ మాట అన్నవాళ్ళు సగం మంది పోయారు. మాట పోలేదు.

అందుకని కట్టె అయిపోతుందేమోనన్న భయం హోలిస్‌కి ఎముకల్లో ఉంది. దాన్ని అతను భయం అనడు, పద్ధతి అంటాడు. దొంతిలో కంత పడితే రోడ్డు మీంచి జనం చూస్తారు. చూస్తే పెల్కీలకి మళ్ళీ కట్టెలు అయిపోతున్నాయంటారు. ఆ ఒక్క మాట పడకుండా ఉండడానికి పెళ్ళాన్ని చలికి వణికించవలసి వస్తే, వణికించాడు.

థాంక్స్‌గివింగ్ పండగ భోజనానికి ఆ ఏడు నవంబరులో వెర్నా చెల్లెలు లోరెట్ పిలిచింది. లోరెట్, ఆమె మొగుడు అర్మాండ్ వేసవిలో ముందుగదిలో గ్యాస్ గోడపొయ్యి పెట్టించుకున్నారు. అద్దం వెనక పింగాణితో చేసిన మొద్దులు, వాటి మధ్య నీలం, పసుపు మంట. హోలిస్ గుమ్మంలో బూట్లు విప్పకుండానే మూతి ముడిచాడు.

"ఏం బావా, కళ్ళు మండట్లేదా? మా ఇంట్లో పొగ లేదే, నీకు ఊపిరాడుతుందో లేదో" అంది లోరెట్.

"పొగెందుకు లేదు మరదలా? నిప్పుంటేగా పొగ. అర్మాండ్, ఆ మొద్దులు ఏ చెట్టువోయ్?"

"చెట్టువి కాదు అన్నా, డబ్బాలో వచ్చాయి" అన్నాడు అర్మాండ్. అతను నిదానస్తుడు. ఎగతాళి అతనికి అర్థమయ్యేసరికి భోజనం అయిపోతుంది.

"డబ్బాలోంచే వచ్చాయని తెలుస్తూనే ఉంది. నిప్పు పేర్చడం తెలిసినవాడెవడూ అలా పెట్టడు. ఆ పైమొద్దు చూడు, బెరడు కిందికి ఉంది! పింగాణి బెరడైతే మాత్రం బెరడు కాదూ?"

అందరూ నవ్వారు. హోలిస్ నవ్వలేదు, అతను ఆ మాట మనసారా అన్నాడు. అదీగాక అప్పుడే ఒక సంగతి అతని కంటబడింది. వెర్నా ఆ గ్యాస్ మంట ముందు కుర్చీలో కూర్చుని ఒక స్వెట్టర్ తీసింది. కాసేపాగి రెండోదీ తీసింది. జోళ్ళు విప్పి, కాలివేళ్ళు అద్దం వైపు చాపి, టర్కీ కోడి వేగే వాసనలో అలాగే కళ్ళు మూసుకుంది. ఆమె భుజాలు కిందికి దిగి ఉండడం చూసి హోలిస్‌కి కొత్తగా అనిపించింది. ఇంట్లో అవెప్పుడూ చెవుల దగ్గరే ఉంటాయి. ఇంకొకడైతే ఆ చూపుతో ఏదో నేర్చుకునేవాడు. హోలిస్‌కి మాత్రం ఒళ్ళు మండింది.

టర్కీ అయింది. మాంసం కూరిన 'పై' రొట్టె అయింది. అక్కచెల్లెళ్ళు ఆపిల్ 'పై' కొయ్యడానికి వంటింట్లోకి వెళ్ళారు. అర్మాండ్ టీవీ ముందు గుర్రు పెట్టాడు. హోలిస్ లేచాడు. మీట ఆర్పాడు. అద్దం కొక్కేలు విప్పి పక్కన పెట్టాడు. చేతులు చొక్కాకి తుడుచుకుని, పింగాణి మొద్దులు ఒక్కొక్కటే తీసి, మనిషన్నవాడు నిప్పు ఎలా పేరుస్తాడో అలా పేర్చాడు. అడుగున రెండు లావువి, వాటి మీద అడ్డంగా సన్నవి, పైన ఒకటి, బెరడు పైకి. నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకున్నాడు. బాగుంది. అద్దం మళ్ళీ తగిలించాడు. నిప్పు విషయం తెలిసినంతగా అద్దం విషయం తెలీదు కాబట్టి కింద కొక్కెం ఒకటి సరిగ్గా పడలేదు.

'పై' పళ్ళేలు పట్టుకొచ్చిన లోరెట్ "అయ్యో, ఆరిందేమిటి" అంటూ మీట నొక్కింది.

డబ్బాలోంచి వచ్చినా ఆ మొద్దులకీ ఒక పద్ధతుంది. మంట వచ్చే కన్నాలకి అడ్డం పడకుండా వాటిని పెట్టాలి. హోలిస్ సరిగ్గా కన్నాల మీదే పెట్టాడు. నీలం మంట పోయి పొడుగ్గా, పసుప్పచ్చగా, సోమరిగా నాలుకలు లేచి మొద్దుల్ని నాకుతుంటే హోలిస్ ఉప్పొంగిపోయాడు.

"అదీ! ఇప్పుడు మంటలా ఉంది!"

రెండో ముక్క 'పై' తినేలోపు అద్దం నల్లబడింది. అందరూ మాటల్లో ఉన్నారు. ముందు లోరెట్‌కి వాసన తగిలింది. కొక్కెం పడని సందులోంచి మసి తీగలా పాకి గోడెక్కింది. ఆమె పెళ్ళినాటి తెల్ల తెరలు బూడిద రంగుకి తిరిగాయి. అర్మాండ్ ఉలిక్కిపడి లేచి గ్యాస్ కట్టేసి, కిటికీలన్నీ బార్లా తెరిచాడు. గడ్డకట్టే గాలి ఇంట్లోకి దూరింది. టర్కీ ఎముకల మీద కూడా మసే.

"బావా," అంది లోరెట్ తెర కొస పట్టుకుని, "ఇంట్లో పొగ లేదని బెంగపడి తెచ్చిపెట్టావా?"

హోలిస్ తన వైపు చూసుకున్నాడు. చేతులకి మసి లేదు, అదొక్కటే అతనికి దొరికిన సమాధానం. "పేర్పులో తప్పులేదు. సరుకు నాసిరకం" అన్నాడు.

వెర్నా లేచింది. కొంగు బిగించినట్టు ఆప్రాన్ బిగించుకుని, బక్కెట్టు తెచ్చి గోడ తుడవడం మొదలెట్టింది. వెళ్దాం పద అని హోలిస్ కోటు పట్టుకొస్తే తీసుకోలేదు.

"నువ్వెళ్ళు. నేనిక్కడే ఉంటా."

"గోడ తుడిచేదాకానా?"

"కాదు." గుడ్డ పిండి ఆరేసి అతని వైపు తిరిగింది. "నాకు కట్టె మీద కోపం లేదు హోలిస్. గ్యాస్ మీద మోజూ లేదు. ఊళ్ళోవాళ్ళు చూడ్డానికి ఎండుకట్టె బయటపెట్టి, నాకు తడికట్టె పొగ పెట్టావు పెళ్ళైన దగ్గర్నుంచీ. అది చాలక మా చెల్లెలింటి మంట కూడా నీ ఇంటి మంటలా చేసిపెట్టావు. ఆ దొంతిలో నా కోసం కంత పెట్టిన రోజు వస్తా. రోడ్డు మీంచి కనబడే కంత. అందాకా ఈ పింగాణి మొద్దులే నాకు మొగుడు."

లోరెట్ ఫక్కున నవ్వి నోటికి చెయ్యడ్డం పెట్టుకుంది. హోలిస్ బూట్లు తొడుక్కుని వెళ్ళిపోయాడు.

మర్నాటికి ఊరికి తెలిసిపోయింది. మంచుబండి ఎటు పోయినా చేతులూపేవాళ్ళు కాస్త ఎక్కువ హుషారుగా ఊపారు. దాణా కొట్లోకి అడుగు పెట్టగానే ట్రూడీ అడిగింది.

"ఏమోయ్, పింగాణి మొద్దుల మీద కూడా తీర్పులు మొదలెట్టావట?"

"ముందే వంకరగా ఉన్నాయి."

"వెర్నా ఎప్పుడొస్తుంది?"

"నాలుగు రోజులు చెల్లెలి దగ్గర ఉంటానంది. ముచ్చటపడింది."

"చలికాచుకోడానికని విన్నానే."

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి హోలిస్ దొంతి ముందు నిలబడ్డాడు. చీకటి పడబోతోంది, రోడ్డు మీద ఎవరూ లేరు. పై వరసలోంచి ఒక చీలిక లాగాడు. ఆ చోటు పన్నూడిన నోరులా కనబడింది. అటూ ఇటూ చూసి మళ్ళీ యథాస్థానంలో పెట్టి, చదును చేసి, లోపలికెళ్ళి పాప్లర్ రాజేశాడు. అది సుయ్యిమని ఏడ్చింది. దాని ఎదురుగా కోటు తియ్యకుండా డబ్బా చిక్కుళ్ళు చల్లగానే తిన్నాడు. గ్యాస్ పెట్టుకున్నవాళ్ళందరూ చేతగానివాళ్ళని ఆ పూట కూడా అనుకున్నాడు గానీ పక్కన వినేవాళ్ళు లేకపోయేసరికి అందులో రుచి లేకపోయింది.

ఆదివారం మధ్యాహ్నం బూట్లూ బట్టలూ తీసుకెళ్ళడానికి వస్తానని వెర్నా ఫోన్ చేసింది. హోలిస్‌కి అది ఒక అవకాశంలా కనబడింది. ఇల్లు వెచ్చగా ఉంటే, మంట భగభగమంటుంటే, ఆమె ఆ గుమ్మంలో ఆగిపోదా? కంత పెట్టాల్సిన అవసరమే రాదు. ఇంత తెలివి పన్నినవాడికి మేపుల్ నాలుగు చీలికలు తెద్దామని మాత్రం తోచలేదు. ముందుగది గోడపొయ్యి నిండా పాప్లర్ కుక్కాడు. అది ఏడుస్తుంటే దాన్ని ఊరుకోబెట్టడానికి అటకమీది అట్టపెట్టెలు చించి వేశాడు, ఒకటి, మరొకటి, ఇంకొకటి. అట్టపెట్టెలు గోడపొయ్యిలో వెయ్యకూడదన్నది కూడా అతని పాఠంలో ఉంది.

మంట బాగా లేచింది. హోలిస్ చేతులు కాచుకుంటూ నవ్వుకున్నాడు. పైన ఎక్కడో రైలు వస్తున్న చప్పుడైంది.

హార్లోకి రైలు లేదు.

ఆ చప్పుడేమిటో ఊళ్ళో అందరికంటే బాగా అతనికే తెలుసు. గోడ మీద చెయ్యి పెట్టాడు, తియ్యాల్సి వచ్చింది. పొయ్యి మీద బూడిద గుమ్మరించి, నడుముకున్న దళం రేడియో నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"చిమ్నీ అంటుకుంది. కొండ రోడ్డు."

"ఎవరిల్లు?" ట్రూడీ గొంతు.

"నాదే."

రేడియో గరగరలాడింది. ఊళ్ళో రేడియోలున్న ఇళ్ళన్నీ వింటున్నాయని అతనికి తెలుసు. "వస్తున్నాం" అంది ట్రూడీ.

ఎర్రబండి వచ్చేసరికి చిమ్నీ కొస నుంచి నిప్పులు కాగడాలా ఎగుస్తున్నాయి. పైకెక్కి లోపలికి మందుపొడి సంచులు వెయ్యాలి, గొలుసు దించి తారు రాల్చాలి. దానికి నిచ్చెన కావాలి. నిచ్చెన పెట్టే చోట దొంతి ఉంది.

"అటువైపు నుంచి వేద్దాం" అన్నాడు హోలిస్.

"అటు లోయ. ఎగరమంటావా? దొంతి తియ్యాలి."

"ఒక్క నిమిషం, అంచున..."

"ఇల్లా, దొంతా? తొందరగా చెప్పు. ఇల్లు నీదే, కట్టెలూ నీవే. నాకు ఇంటికెళితే వెచ్చగానే ఉంటుంది."

హోలిస్ ముందుకెళ్ళి పై వరసలోంచి ఒక చీలిక తీశాడు. మంచు మీద పెట్టాడు. రెండోది తీసి దాని పక్కన పెట్టాడు. మూడోదాన్ని వాటి మీద ఆనించబోతుంటే ట్రూడీ అరిచిన అరుపు లోయ అవతలికి వినబడింది.

"పేర్చకురా మహానుభావా! పారెయ్! పారెయ్!"

నెత్తిన నిప్పులు రాలుతుంటే, అతను బెరడు పైకి పెడుతున్నాడు. తన చేతులు ఏం చేస్తున్నాయో అప్పుడు చూసుకున్నాడు. తలెత్తాడు. రోడ్డు మీద లోరెట్ కారు ఆగి ఉంది. పక్కన వెర్నా నిలబడి ఉంది, చేతులు కోటు జేబుల్లో, భుజాలు చెవుల దగ్గర. నవ్వడం లేదు. చిమ్నీ వైపు చూడ్డం లేదు. అతన్నే చూస్తోంది.

హోలిస్ రెండు చేతులూ దొంతిలోకి దోపి తనవైపు లాగాడు. గోడలా ఉన్నది గోడలా కూలింది. మూడు వేసవుల మేపుల్ గంటల్లా మోగుతూ మంచులోకి దొర్లింది. మోకాళ్ళకి తగిలింది, కాలి మీద పడింది, అతను ఆగలేదు. చివరి స్తంభాన్ని భుజంతో తోశాడు. నిచ్చెన పడింది.

మంట ఆరింది. ఇల్లు నిలిచింది. చిమ్నీ లోపలి మట్టిగొట్టాలు మాత్రం పైనుంచి కిందిదాకా నెర్రెలిచ్చాయి. ట్రూడీ పొయ్యిలోంచి అరచెయ్యంత తారుగడ్డ ఏరి బయటికొచ్చి హోలిస్ చేతిలో పెట్టింది.

"బడికి తీసుకెళ్ళడానికి. పైసారి ఊరంతా వెతుక్కోనక్కర్లేదు." చుట్టూ పడి ఉన్న కట్టెల్లోంచి ఒకటి తీసి ఇంకోదానితో కొట్టింది. ఖంగుమంది. "ఇంత ఎండుకట్టె గోడకవతల పెట్టుకుని ఇవతల తడిది కాల్చాడయ్యా ఈయన. వాళ్ళ నాన్న నయం. ఉన్నది కాల్చాడు."

దళం వాళ్ళెవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండుననిపించింది హోలిస్‌కి. ఎర్రబండి వెళ్ళిపోయింది.

వెర్నా దగ్గరికి వచ్చింది. దొంతి ఉన్నచోట గోడ బోసిగా, కింది భాగం వానతడి ఎరగని రంగులో ఉంది.

"కంత పడిందిగా" అన్నాడు హోలిస్.

"ఇది లెక్కలోకి రాదు. ఇది ట్రూడీ పెట్టించిన కంత."

"మరి?"

"మరేంటో నాకేం తెలుసు? నాకు కట్టె సంగతి తెలీదుగా. నా బూట్లెక్కడున్నాయి?"

ఆమె లోపలికి వెళ్ళింది. రోడ్డు మీద కార్లు నెమ్మదిగా పోతున్నాయి, ఈసారి ఫొటోల కోసం కాదు. హోలిస్ వంగి మంచులోంచి కట్టెలు ఏరడం మొదలెట్టాడు. చొక్కాచేత్తో మంచు తుడిచి, గడ్డం దాకా ఎత్తుకుని, కార్ల ముందు నుంచే ఇంట్లోకి నడిచాడు. ముందుగదిలో ఆగలేదు. వంటింట్లోకి వెళ్ళి ఇనుపపొయ్యి తలుపు తెరిచాడు. దాని గొట్టం వెర్నా తోమింది కాబట్టి, ఆ ఇంట్లో ధైర్యంగా నిప్పు పెట్టగల చోటు అదొక్కటే.

మేపుల్ ఒక్క అగ్గిపుల్లకి అందుకుంది. ఏడవలేదు, నురగలు కక్కలేదు. చడీచప్పుడు లేకుండా ఎర్రబడింది. పొయ్యిమీది ఇనుము టిక్కుటిక్కుమంది.

వెర్నా చేతిలో బూట్లతో వంటింటి గుమ్మంలో నిలబడింది.

"బెరడు ఎటు పెట్టావ్?"

"చూసుకోలేదు."

ఆమె వంగి పొయ్యిలోకి తొంగిచూసింది. హోలిస్ మళ్ళీ బయటికెళ్ళి ఇంకో చేతినిండా తెచ్చాడు. మళ్ళీ వెళ్ళి మళ్ళీ తెచ్చాడు. మూడోసారి వచ్చేసరికి బూట్లు నేలమీద ఉన్నాయి, కోటు మేకుకి ఉంది. వెర్నా పొయ్యి ముందు కుర్చీ లాక్కుని కూర్చుంది. కాసేపటికి ఒక స్వెట్టర్ కూడా తీసింది. హోలిస్ చప్పుడు చెయ్యకుండా కట్టెలు గోడవార పడేశాడు. పేర్చలేదు.

బయట కారు హారన్ మోగింది. వెర్నా కిటికీలోంచి లోరెట్‌కి వెళ్ళిపొమ్మని చెయ్యూపింది.

"ముందుగది పొయ్యి?" అని అడిగాడు హోలిస్ చివరికి.

"అందులో గ్యాస్ పెట్టిస్తావు."

"వెర్నా!"

"చిమ్నీ పగలగొట్టింది నేను కాదు. పొద్దున్నే లేచి రెండు పొయ్యిల బూడిద ఎత్తేది కూడా నేను కాదు ఇకనుంచి. వంటింట్లో కట్టె. ముందుగదిలో గ్యాస్."

"ఊళ్ళో ఏమంటారు?"

"అనాల్సింది అనేశారు. ఇంకేం మిగల్లేదు."

ఆ చివరి మాట తప్పు. మా ఊరి నోటికి ఎప్పుడూ ఏదో మిగిలే ఉంటుంది. తండ్రి కంచె పక్కన కొడుకు దొంతి కూడా చేరింది. ఎవరైనా మంచిది దాచుకుని చెడ్డది వాడుతుంటే "పెల్కీ మేపులా ఏం?" అంటారు ఇప్పుడు. తీర్పులు చెప్పేవాడి మీద తీర్పు చెప్పడంలో ఉండే సుఖం ఊరు వదులుకుంటుందా?

వసంతం రాకముందే గ్యాస్ పొయ్యి వచ్చింది. బిగించినవాడు పింగాణి మొద్దులు ఒక్కొక్కటే వాటి గాడిలో పెట్టి, వీటిని కదపొద్దని రెండుసార్లు చెప్పాడు. రెండుసార్లూ హోలిస్ వైపే చూసి చెప్పాడు. ఆ కబురు అతనిదాకా కూడా వెళ్ళిందన్నమాట.

ఆ సాయంత్రం మొగుడూ పెళ్ళాం దాని ముందు కూర్చున్నారు. వెర్నా చేతుల్లేని బనీనులో ఉంది. హోలిస్ మంటనే చూస్తున్నాడు. అరచేతులు రెండూ తొడల కింద పెట్టుకున్నాడు. అలా పెట్టుకోమని వెర్నా చెప్పింది.

"ఆ పైమొద్దు..." అన్నాడు.

"హోలిస్."

"బెరడు కిందికి ఉంది. అంతే. ఊరికే అన్నా."

"ఉండనీ."

అతను ఉండనిచ్చాడు. చేతులు మాత్రం తొడల కింద కాస్త కదిలాయి.